సున్నం పడని టోర్టియా టోర్టియా కాదు

వంటింటి ఉత్తరాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో మాటవరసకి ఒక ముక్క రాశాను. మా ఆయన ఉద్యోగం వల్ల మేం తొమ్మిదేళ్లు మెక్సికోలోని ప్వెబ్లా నగరంలో ఉన్నామని, అక్కడి వంట మన నాలుకకి పరాయిగా అనిపించలేదని. ఆ ఒక్క ముక్కకి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఆవకాయ కొలతలు ఇచ్చినప్పుడు కూడా ఇన్ని రాలేదు. అందుకని ఈసారి పేజీ మొత్తం మెక్సికో వంటకే.

మెక్సికన్ అంటే నాచోస్, చీజ్ సాస్, బరిటో అనే మాకు తెలుసు. మా అబ్బాయి ఆర్డర్ పెట్టేవి అవే. అసలు అక్కడివాళ్లు రోజూ ఏం తింటారండీ? – ఒక గృహిణి, విజయవాడ

మీ అబ్బాయిని తిట్టకండి, నాచోస్ పుట్టింది మెక్సికోలోనే. 1940ల్లో, అమెరికా సరిహద్దుని ఆనుకుని ఉన్న పియెద్రాస్ నెగ్రాస్ అనే ఊళ్లో. నది అవతల నుంచి వచ్చిన ఆడవాళ్లు తినడానికి ఏదైనా పెట్టమంటే, ఇగ్నాసియో అనయా అనే ఆయన టోర్టియా, అంటే అక్కడి పలచటి మొక్కజొన్న రొట్టె, దాన్ని ముక్కలు చేసి వేయించి, వాటి మీద చీజ్, హలపేన్యో మిరపకాయలు వేసి ఇచ్చాడు. ఇగ్నాసియో అన్న పేరుకి ముద్దుపేరు నాచో. అదే వంటకం పేరయింది. కానీ తొమ్మిదేళ్లలో ఒక్క ఇంట్లో కూడా మాకు నాచోస్ పెట్టలేదు. తిన్నదల్లా సినిమా హాల్లోనే. గోధుమ టోర్టియాలో కూర పెట్టి చుట్టే బరిటో ఉత్తరాది వాళ్ల తిండి, గోధుమ పండేది అక్కడే కాబట్టి. టాకో అంటే మెత్తటి టోర్టియాలో కూర పెట్టి మడిచింది; కరకరలాడే గట్టి డొప్ప టాకో అమెరికాలో పెరిగిన సరుకు.

మా వీధిలో వాళ్లు తినేది ఇదీ. పొద్దున చిలాకిలెస్. అంటే నిన్నటి టోర్టియాలు ముక్కలు చేసి, వేయించి, సల్సా అనే పుల్లటి కారపు పచ్చడిలో ఒక్క పొంగు రానిచ్చి, పైన కాస్త క్రీమ్, ఉల్లిపాయ, పొడిపొడిగా చిదిమిన తెల్ల చీజ్. మిగిలిపోయిన ఇడ్లీని ఉప్మా చేసే బుర్రే అక్కడా పనిచేసింది. అసలు భోజనం మధ్యాహ్నం రెండు దాటాక. ముందు సూప్, తర్వాత టొమాటో వేసి వండిన అన్నం, ఒక కూర, ఉడికించిన చిక్కుడు గింజలు, గుడ్డలో చుట్టిన వేడి టోర్టియాలు, ఒక జగ్గు పళ్లనీళ్లు. వీధి మూల చిన్న హోటళ్లలో ఇదంతా కలిపి ఒక ప్లేటు ధరకే ఇస్తారు. మన ప్లేట్ మీల్స్ అనుకోండి. రాత్రికి ఏదో కొంచెం.

టోర్టియాలు మా వీధిలో ఎవరూ రోజూ ఇంట్లో చేసుకోరు. ప్రతి పేటలోనూ టోర్టియా కొట్టు ఉంటుంది. ఒంటిగంటకి చేతిలో గుడ్డ పట్టుకుని జనం క్యూ కడతారు. మెషిన్ మీంచి దొర్లుతూ వచ్చినవి తూకం వేసి, కాగితంలో చుట్టి ఇస్తారు, కిలో, అరకిలో. క్యూలో నిలబడ్డ పిల్లలకి ఒక వేడి టోర్టియా మీద ఉప్పు చల్లి, చుట్టి చేతిలో పెడతారు. మా పాప స్పానిష్ ఆ క్యూలోనే నేర్చుకుంది.

యూట్యూబ్ చూసి మొక్కజొన్న పిండితో టోర్టియా చేశాను. ఒత్తేటప్పుడే చీలిపోయింది, పెనం మీద ముక్కలైపోయింది. తప్పెక్కడ? – ఒక టీచర్, కరీంనగర్

తప్పు మీ చేతిలో లేదమ్మా, పిండిలో ఉంది. నేనూ ఆ చీలికలన్నీ చూసి వచ్చినదాన్నే. మొదటి వారం సూపర్ మార్కెట్లో "మొక్కజొన్న" అన్న బొమ్మ చూసి తెచ్చిన డబ్బాలో పిండి కలిపితే గంజి అయి కూర్చుంది. అది కార్న్‌ఫ్లోర్. మేం అద్దెకున్న ఇంటి యజమానురాలు, అదే మా ఇంటావిడ, పై అంతస్తు నుంచి దిగొచ్చి ఆ గిన్నెలోకి చూసి, ఏమీ అనకుండా నన్ను చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లింది. అక్కడ బకెట్టులో పసుపుపచ్చటి నీళ్లలో మొక్కజొన్న గింజలు నానుతున్నాయి. ఒక గింజ తీసి వేళ్ల మధ్య రుద్దింది. పైపొట్టు జారి జిగురుగా ఊడొచ్చింది. గింజ వాసన చూశాను. తడిసిన గోడ వాసన, కొత్తగా వెల్ల వేసిన ఇంటి వాసన.

అది సున్నం. మెక్సికో వంట మొత్తానికి పునాది ఆ సున్నపు నీళ్లే. ఎండు మొక్కజొన్నలని సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా అలాగే వదిలేస్తారు. పొద్దున్నే కడిగి రుబ్బుతారు. ఇలా సున్నపు నీళ్లలో ఉడికి నానిన గింజని నిష్తమాల్ అంటారు, రుబ్బిన ముద్దని మాసా అంటారు. స్పానిష్ వాళ్లు రావడానికి ఎన్నో వందల ఏళ్ల ముందు నుంచే అక్కడి ఆడవాళ్లకి ఈ పని తెలుసు. సున్నం గింజ పైపొట్టుని కరిగిస్తుంది, పిండికి అతుక్కునే గుణం ఇస్తుంది. మామూలు మొక్కజొన్న పిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు, అందుకే మీ రొట్టె చీలింది. జొన్నరొట్టెకి మీరు మరిగే నీళ్లు పోసి పిండిని లొంగదీస్తారు కదా, అక్కడ ఆ పని సున్నం చేస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది, ఇది వంటకంటే పెద్దది. మొక్కజొన్నలో నయాసిన్ అనే బి విటమిన్ ఉన్నా ఒంటికి పట్టదు, గింజలో బిగుసుకుపోయి ఉంటుంది. సున్నం దాన్ని విడిపిస్తుంది. స్పెయిన్ వాళ్లు మొక్కజొన్నని యూరప్ తీసుకెళ్లారు గానీ సున్నం సంగతి పట్టించుకోలేదు. ఉత్తర ఇటలీలో, తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో, మూడు పూటలా మొక్కజొన్న తిన్న పేదవాళ్లకి చర్మం పగిలి, విరేచనాలు పట్టుకుని, మతి చలించే పెల్లాగ్రా జబ్బు వచ్చింది. మెక్సికో పల్లెల్లో రోజూ అదే మొక్కజొన్న తిన్నా సున్నం వాళ్లని కాపాడింది. జొన్నలే తిని బతికిన మన దక్కన్ పల్లెల్లోనూ పెల్లాగ్రా ఉండేది. దాని మీద హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1960 ప్రాంతంలో పెద్ద పరిశోధనే చేశారు.

ఇక చేసే పద్ధతి. కిలో ఎండు మొక్కజొన్నలు, స్వీట్‌కార్న్ పనికిరాదు. మూడు లీటర్ల నీళ్లు. తినడానికి పనికొచ్చే సున్నం పది గ్రాములు. గోడలకి వేసే సున్నం దగ్గరకి వెళ్లకండి. సున్నం ముట్టుకునేటప్పుడు కళ్లు జాగ్రత్త. అల్యూమినియం గిన్నె వద్దు, స్టీలుదే వాడండి. సన్నటి సెగ మీద అరగంట నుంచి ముప్పావుగంట, వేళ్లతో రుద్దితే పొట్టు జారేదాకా. గింజ లోపల మాత్రం ఇంకా గట్టిగానే ఉండాలి, మెత్తగా ఉడికితే చెడినట్టే. దించి రాత్రంతా వదిలేయండి. పొద్దున రెండు మూడు నీళ్లతో కడగండి, పొట్టు మరీ శుభ్రంగా వదిలించక్కర్లేదు, కొంచెం ఉంటేనే పిండి అతుక్కుంటుంది. రుబ్బేటప్పుడే మన ఇళ్లల్లో చిక్కు. గ్రైండర్ తిరగాలని నీళ్లు పోస్తే దోసెల పిండి అవుతుంది. మిక్సీలో కొద్దికొద్దిగా వేసి, చెంచాడు చెంచాడు నీళ్లతో తిప్పండి, తర్వాత చేత్తో బాగా మర్దించండి. చెవి తమ్మెంత మెత్తగా ఉండాలి అనేది మా ఇంటావిడ. నిమ్మకాయంత ఉండ, రెండు పాలిథిన్ కాగితాల మధ్య పెట్టి చదునైన పళ్లెంతో నొక్కండి. పెనం బాగా కాలాలి, నూనె వద్దు. ఒకవైపు అర నిమిషం, తిప్పి నిమిషం, మళ్లీ తిప్పాక వేలితో మెల్లగా అదిమితే పొంగుతుంది. పొంగింది కదా అని వెంటనే తినేయకండి. గుడ్డలో చుట్టి పది నిమిషాలు ఆగండి. ఆ ఆవిరిలోనే అది టోర్టియా అవుతుంది.

ఇంత పని ఎవరు చేస్తారంటారా? సున్నంలో నానబెట్టి ఆరబెట్టిన పిండి "మాసా హరీనా" అని పొట్లాల్లో వస్తుంది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. గోరువెచ్చటి నీళ్లు పోసి కలపడమే. నేనూ చాలా రోజులు దానితోనే బండి లాగించాను. కానీ ఒక్కసారైనా గింజతో చేసి చూడండి, ఆ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు.

టోర్టిల్లా అనాలా, టోర్టియా అనాలా? ఇంట్లో గొడవ. – డిగ్రీ విద్యార్థి, రాజమహేంద్రవరం

టోర్టియా. స్పానిష్‌లో రెండు "ల"లు పక్కపక్కన పడితే "య" అవుతుంది. అలాగే హలపేన్యో, గ్వాకమోలే. వాళ్ల దేశాన్ని వాళ్లు మేహికో అంటారు. స్పెయిన్ వెళ్లి టోర్టియా అడిగితే మాత్రం బంగాళాదుంపల ఆమ్లెట్ పెడతారు, మా ఆయన అక్కడ అరగంట వాదించాడు. నీకో మాట చెబుతాను, రోజూ నువ్వు వాడేదే: సపోటా. అది మెక్సికో పాత భాష నవాత్ల్‌లోని త్సపోత్ల్ అన్న మాట నుంచి వచ్చింది. చెట్టూ అక్కడిదే, పేరూ అక్కడిదే. టొమాటో, చాక్లెట్, అవకాడో అన్న మాటలు కూడా ఆ భాషవే.

మా గుంటూరు మిర్చి ముందు వాళ్ల మిరపకాయలు ఎంతండీ? – మిర్చి వ్యాపారి, గుంటూరు

నేనూ తెనాలి పిల్లనే, ఈ పొగరుతోనే దిగాను. మొదటిసారి సంతలో ఎండుమిర్చి బస్తాల ముందు నిలబడి, "కారం ఏది?" అని అడిగితే, కొట్టతను "దేనికోసం?" అని తిరిగి అడిగాడు. సల్సాకా, మాంసానికా, మోలేకా? (మోలే అంటే ఏమిటో కింద చెబుతాను.) కారం కోసం ఒకటి, రంగు కోసం ఒకటి, తీపి వాసన కోసం ఒకటి, పొగ వాసన కోసం ఒకటి. మనం మిరపకాయని కారం అనే ఒక్క కొలతతోనే చూస్తాం. వాళ్లు మాత్రం మన ఇంట్లో పప్పులున్నన్ని రకాలుగా మిర్చిని వాడతారు.

పైగా పచ్చిగా ఉన్నప్పుడు ఒక పేరు, ఎండితే ఇంకో పేరు. పోబ్లానో ఎండితే ఆంచో. చిలాకా ఎండితే పాసియా. హలపేన్యో పండాక పొగబెట్టి ఎండిస్తే చిపోత్లే. ఆంచో నలిపి వాసన చూస్తే ఎండుద్రాక్ష వాసన వస్తుంది, ఒట్టు. వీటిలో చాలావాటికి మీ మిర్చి కారం ముందు నిలబడే సత్తా లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆగ్నేయాన ఉన్న యూకటాన్ వైపు వెళ్లి ఆబనేరో కొరికి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం. అది చూడ్డానికి బుల్లి నారింజరంగు బుడ్డలా, అమాయకంగా ఉంటుంది.

ఇంట్లో చేసేవాళ్లకి ఒక మాట. గ్వహీయో అన్న మిర్చి దొరక్కపోతే బ్యాడిగి వేసుకోండి, పని నడుస్తుంది. ఆంచోకి మాత్రం మన దగ్గర బదులు లేదు.

మోలే అంటే చాక్లెట్ వేసిన కోడికూర అట. నిజమా? ఎలా తింటారో! – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

చాక్లెట్ కూర అంటే మా ఇంటావిడ గరిట తీసుకుని వస్తుంది. మోలే అన్నది నవాత్ల్‌లో మోల్లి, అంటే సాస్, ముద్ద. గ్వాకమోలే కూడా అదే, అవకాడో మోల్లి. ఒక్క వహాకా రాష్ట్రంలోనే ఏడు మోలేలు ఉన్నాయని చెప్పుకుంటారు. వాటిలో ఆకుపచ్చదీ, పసుపుపచ్చదీ కూడా ఉన్నాయి, అందులో చాక్లెట్ మాటే లేదు. మీరు విన్నది మా ప్వెబ్లా మోలే గురించి.

మా ఇంటావిడ మనవరాలికి పదిహేనేళ్లు నిండాయి. ఆ పుట్టినరోజుని అక్కడ మన ఓణీల ఫంక్షన్ అంత హడావిడిగా చేస్తారు, గౌను, చర్చి, డాన్సు, ఊరంతా భోజనం. మూడు రోజుల ముందే మోలే మొదలైంది. నేను కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ములాతో, ఆంచో, పాసియా, చిపోత్లే, నాలుగు రకాల మిరపకాయలు. గింజలు తీసి వేరే గిన్నెలో దాచింది. తర్వాత బాదం, వేరుశనగ, నువ్వులు, ఎండుద్రాక్ష, లవంగం, దాల్చిన, మిరియాలు, సోంపు, ధనియాలు, పండు అరటి, ఎండిపోయిన టోర్టియా, పాత రొట్టె ముక్క, ఉల్లి, వెల్లుల్లి, టొమాటో. ఇరవై ఆరు దాకా రాసి ఆపేశాను. దేనికది విడిగా వేయించాలి. మిరపకాయలు కొవ్వులో పడగానే మేం ముగ్గురం దగ్గుకుంటూ బాల్కనీలోకి పరిగెత్తాం. మిర్చి ఒక్క క్షణం ఎక్కువ వేగినా మొత్తం చేదైపోతుంది, అందుకని ఆవిడ మాత్రం కదల్లేదు, కళ్ల నీళ్లు కారుతూనే తిప్పింది.

వేయించినదంతా రెండు ప్లాస్టిక్ బకెట్లలో వేసుకుని మరకి వెళ్లాం. ఎండాకాలం మన కారం మర దగ్గర ఎలా ఉంటుందో అలాగే, క్యూ, తుమ్ములు, "నాది ముందు" అన్న గొడవ. నల్లటి ముద్ద అయి తిరిగొచ్చింది. దాన్ని పెద్ద మట్టిదాకలో టర్కీ కోడి ఉడికిన నీళ్లతో పలచన చేసి, చెక్క గరిటతో అడుగంటకుండా గంటలకొద్దీ కలపాలి. వంతులవారీగా కలిపాం. చాక్లెట్ పడింది అప్పుడు. దాల్చినచెక్క వాసనతో ఉండే గరుకు చాక్లెట్ బిళ్లలు రెండు, అంత పెద్ద దాకకి. మనం పులుసులో బెల్లం ముక్క వేస్తే దాన్ని బెల్లం కూర అంటామా? ఇదీ అంతే. ఉడికించిన టర్కీ ముక్క మీద ఆ నల్లటి ముద్ద పోసి, నువ్వులు చల్లి, పక్కన అన్నం పెట్టి ఇచ్చారు. మొదట తీపి తగులుతుంది, తర్వాత కారం, చివర్లో కొంచెం కాల్చిన చేదు. మొదటి ప్లేటు నాకు నచ్చలేదు. మూడో రోజు మిగిలినది టోర్టియాలో అద్దుకుని తిన్నప్పుడు నచ్చింది, అప్పటికి అది ఊరింది.

దీని గురించి ప్వెబ్లాలో అందరూ చెప్పే కథ ఉంది. సాంతా రోసా మఠంలో ఒక సన్యాసిని బిషప్పు కోసం దీన్ని కనిపెట్టిందని. గోడలు, పైకప్పు అంతా రంగుల పెంకులు అతికిన ఆ వంటిల్లు ఇప్పుడు మ్యూజియం, చూసి తీరాలి. కథని కథగానే వినండి. మిర్చి ముద్దలు నూరడం ఆ మఠం కట్టకముందే ఉంది.

ఆగస్టు, సెప్టెంబరుల్లో వెళ్లేవాళ్లకి ఇంకొకటి: చీలెస్ ఎన్ నోగాదా. పెద్ద పోబ్లానో మిరపకాయని కాల్చి, తోలు తీసి, లోపల మాంసం కైమా, పియర్, యాపిల్, పీచ్ ముక్కలు కూరి, పైన తెల్లటి అక్రోటు సాస్, దానిమ్మ గింజలు, కొత్తిమీరలా ఉండే పార్స్లీ. ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు, వాళ్ల జెండా. 1821లో స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది ఇతుర్బీదె అనే సేనాని కోసం చేశారని చెబుతారు. కొత్త అక్రోట్లు, దానిమ్మలు వచ్చే ఆ రెండు నెలలే దాని కాలం. అక్రోటు గింజ మీది పలచటి పొర గోటితో ఒలవాలి, లేకపోతే సాస్ తెల్లగా రాదు. ఒక్క పూట ఒలిచి ఆ తర్వాత హోటల్లోనే తిన్నాను.

హైదరాబాద్‌లో షవర్మా తిని పెరిగినవాణ్ణి. టాకో ఆల్ పాస్తోర్ వీడియో చూస్తే అచ్చం అదే! – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గచ్చిబౌలి

అచ్చం అదే తమ్ముడూ. 1930ల్లో పశ్చిమాసియా నుంచి వచ్చి ప్వెబ్లాలో స్థిరపడ్డవాళ్లు నిలువు ఊచకి గుచ్చి కాల్చిన మాంసాన్ని పలచటి రొట్టెలో చుట్టి అమ్మారు. దాని పేరు ఇప్పటికీ టాకో ఆరబె. తర్వాత రాజధానిలో అది పూర్తిగా స్థానికుడైపోయింది. ఎర్రటి ఆచోటే గింజల ముద్ద, మిర్చి పట్టించిన మాంసం, ఊచ కొసన ఒక అనాసపండు, కింద చిన్న మొక్కజొన్న టోర్టియా. కత్తితో పై నుంచి అనాస ముక్క ఎగరేసి టోర్టియాలో పట్టుకుంటాడు చూడండి, ఆ సర్కస్ కోసమే రాత్రిళ్లు వెళ్లేవాళ్లం. అయితే అది పంది మాంసం. తినే అలవాటు లేకపోతే ముందే తెలిసి ఉండటం మంచిది.

మా అమ్మాయికి మాంతెర్రేలో ఉద్యోగం వచ్చింది. మేం శాకాహారులం. పిల్ల ఏం తింటుందోనని ఒకటే టెన్షన్. – ఒక తల్లి, తిరుపతి

టెన్షన్ పడకండి, కానీ పిల్లకి రెండు మూడు సంగతులు చెప్పి పంపండి. మాంతెర్రే ఉత్తరాదిది, అక్కడ గొడ్డుమాంసం మీదే ధ్యాస, గోధుమ టోర్టియాలు ఎక్కువ. ప్రమాదం కనిపించే మాంసంతో కాదు, కనపడని మాంతేకాతో. మాంతేకా అంటే పంది కొవ్వు. చిక్కుడు గింజల ముద్ద చూడ్డానికి పప్పులా ఉంటుంది, వేయించేది చాలాచోట్ల మాంతేకాతోనే. గోధుమ టోర్టియాలోనూ, ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించే తమాలెస్‌లోనూ అదే. ఎర్రన్నం కోడి ఉడికించిన నీళ్లతో వండుతారు. "సిన్ కార్నే", అంటే మాంసం లేకుండా, అంటే చాలదు, వాళ్ల లెక్కలో కోడి కార్నే కాదు, హామ్ అయితే అసలు లెక్కలోకే రాదు. "నో కోమో కార్నే, నీ పోయో, నీ పెస్కాదో, నీ మాంతేకా" అని, అంటే మాంసం, కోడి, చేప, పంది కొవ్వు తిననని, నాలుగూ చెప్పమనండి. నేను ఇది చీటీ మీద రాసి మా అత్తగారి పర్సులో పెట్టాను. ఆవిడ మూడు నెలలు ఉండి, ఆ చీటీ చూపిస్తూ ఒంటరిగా బజారు తిరిగింది.

తినడానికి మాత్రం లోటు లేదు. గుమ్మడిపువ్వు కూరి, మడిచి కాల్చిన టోర్టియా, కెసాదియా. పోబ్లానో చీలికలు, క్రీమ్ కలిపిన రాహాస్. మొక్కజొన్న పొత్తుకి పట్టే నల్లటి బూజు కూర, విత్లకోచె, వినడానికే గానీ తింటే పుట్టగొడుగు. రాజధాని వైపు వెళ్తే త్లకోయో: నీలం మొక్కజొన్న ముద్దలో చిక్కుడు ముద్ద పెట్టి, కోలగా ఒత్తి పెనం మీద కాల్చి, పైన నాగజెముడు ముక్కలు వేస్తారు. అత్తగారి ఓటు దానికే. పొద్దున చలికి ఆతోలె, అదే మాసా కలిపి కాచిన జావ. మన రాగిజావ తాగినవాళ్లకి పరిచయం అక్కర్లేదు. ఒక ప్రెషర్ కుక్కర్ కూడా పంపండి. మా ప్వెబ్లా సముద్రమట్టానికి రెండువేల వంద మీటర్ల పైన ఉండేది, కుక్కర్ లేకపోతే కందిపప్పు పొద్దున పెడితే సాయంత్రానికి ఉడికేది. మాంతెర్రే అంత ఎత్తు కాదులెండి.

పైన నాగజెముడు అన్నారా? మా పొలం గట్టు మీద ఉన్న ముళ్లదా? – రైతు, అనంతపురం జిల్లా

(ఈయన ఫోన్‌లో అడిగారు, పై జవాబు చదివి వినిపించాక.) ఆ జాతిదే. మెక్సికో జెండా మధ్యలో గద్ద కూర్చున్నది దాని మీదే. అక్కడ నోపాల్ అంటారు. కూరకి పనికొచ్చే రకాన్ని పొలాల్లో పండిస్తారు, లేత మట్టలే కోస్తారు. సంతలో ఆడవాళ్లు మట్టని ఒక చేత్తో పట్టుకుని, కత్తితో చేప పొలుసు గీకినట్టు ముళ్లు గీకి, సంచిలో వేసిస్తారు. సన్నగా తరిగి ఉడికిస్తే బెండకాయలా జిగురు వస్తుంది, ఆ నీళ్లు పారబోసి, ఉల్లి, టొమాటో, కొత్తిమీర, నిమ్మరసం కలిపితే అదో సలాడ్. పెనం మీద ఉప్పు చల్లి కాల్చినా బాగుంటుంది. పండుని తూనా అంటారు. మీ గట్టు మీది ఎర్రపండు చిన్నప్పుడు మీరూ తినే ఉంటారు, నోరంతా ఎర్రగా చేసుకుని. గట్టు మీది మట్టలు మాత్రం కోసి వండకండి, ఏ రకమో తెలియకుండా వద్దు.

ఇంకో చుట్టం కూడా అక్కడ కలిసింది. హోటళ్లలో గాజు డ్రమ్ముల్లో ముదురు ఎరుపు నీళ్లు ఉంటాయి, ఆగ్వా దె హమైకా. ఎండిన ఎర్రటి రేకులు కాచి చక్కెర కలిపిన షర్బత్. మొదటి గుక్కలోనే తెలిసిపోయింది, గోంగూర. మన ఎర్ర గోంగూర మొక్క కాయ చుట్టూ ఉండే కండగల రేకులే అవి. వాళ్లు కాచిన రేకులు తీసేస్తారు. నేను వాటిని పారేయనిచ్చేదాన్ని కాదు. ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి నూరి, పోపు పెడితే పచ్చడి. ఆకు దొరకని ఊళ్లో తొమ్మిదేళ్లు అలా గడిచింది.

ఇవన్నీ వినడానికి బాగున్నాయి. ఈ ఆదివారం మా ఇంట్లో ఉన్నవాటితో చేసుకునేది ఒక్కటి చెప్పండి. – కొత్త పెళ్లికూతురు, ఖమ్మం

రోలు ఉందా? అయితే సల్సా. బాగా పండిన నాటు టొమాటోలు నాలుగు, పచ్చిమిరపకాయలు రెండు, పొట్టుతో ఉన్న వెల్లుల్లి రెబ్బలు రెండు. నూనె లేని పెనం మీద పెట్టి టొమాటో తోలు నల్లగా మచ్చలు పడేదాకా కాల్చు. భయపడకు, ఆ మాడే రుచి. వెల్లుల్లి పొట్టు తీసి ముందు ఉప్పుతో నూరు, తర్వాత మిర్చి, చివర టొమాటో. కచ్చాపచ్చాగా ఉండాలి. పచ్చి ఉల్లి తరుగు, కొత్తిమీర, నిమ్మరసం. పోపు పెట్టకు, చెయ్యి దురదపెట్టినా సరే. వాళ్లు దీన్ని మూడు కాళ్ల నల్లరాతి రోట్లో నూరుతారు, మోల్కహేతె అంటారు. కొత్తది కొన్నప్పుడు పచ్చి బియ్యం వేసి, బూడిదరంగు పోయి పిండి తెల్లగా వచ్చేదాకా నూరి పారబోయాలి. మా ఇంటావిడ నాకు అది నేర్పించబోతుంటే, మా అమ్మమ్మా ఇదే చేసేది అని చెప్పాను. నమ్మలేదు.

అక్కడి పండగ వంట ఏదైనా మీరు స్వయంగా చేశారా? – ఒక అభిమాని, నెల్లూరు

చేయాల్సి వచ్చింది. జనవరి 6న ముగ్గురు రాజుల పండగకి చుట్టలా పెద్ద తీపి రొట్టె కోస్తారు. లోపల చిన్న బాలయేసు బొమ్మలు దాచి ఉంచుతారు. ఎవరి ముక్కలో బొమ్మ వస్తే వాళ్లు ఫిబ్రవరి 2న అందరికీ తమాలెస్ పెట్టాలి. తెలిసినవాళ్లు ముక్క చాలా సన్నగా కోసుకుంటారు, బొమ్మ తగిలితే నోట్లో దాచేస్తారు కూడా. మాకు ఆ సంగతి తెలీదు. నేను ఆశగా పెద్ద ముక్క కోసుకున్నాను, కత్తి టక్కుమంది. బల్ల చుట్టూ పద్నాలుగు మంది చప్పట్లు కొట్టారు.

తమాల్ అంటే మాసాని కొవ్వుతో గిలకొట్టి, మొక్కజొన్న పొత్తు ఆకులో పెట్టి, లోపల కూర పెట్టి ఆవిరి మీద ఉడికించేది. దక్షిణాన అరిటాకులో చుడతారు. నేను మాంతేకా ముట్టను కాబట్టి వెన్నతో చేస్తానన్నాను, మా ఇంటావిడ శిలువ గుర్తు వేసుకుంది. పిండి ఎప్పటికి తయారైనట్టు అని అడిగితే, గ్లాసు నీళ్లలో చిటికెడు ముద్ద వేసి తేలిందా చూడమంది. మన గారెల పిండి పరీక్షే! అక్కడ నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ముప్పావుగంట చేత్తో గిలకొట్టాక తేలింది. లోపల పోబ్లానో చీలికలు, చీజ్ పెట్టాను. ఆవిరి గిన్నె అడుగున నీళ్లలో ఒక నాణెం వేయించింది. నీళ్లు మరుగుతున్నంతసేపూ అది టకటకలాడుతుంది, చప్పుడు ఆగిందంటే నీళ్లు అయిపోయినట్టు. గంటన్నర దాని చప్పుడు వింటూ కూర్చున్నాం. అరవై చేశాను. పద్నాలుగు మంది తిని, ఇంటికి పట్టుకెళ్లి, ఎనిమిది మిగిల్చారు. "వెన్న వాసన వస్తోంది, కానీ మెత్తగా ఉన్నాయి" అంది ఇంటావిడ, నాలుగోది విప్పుతూ.

గోరంత ఉండే ఆ ప్లాస్టిక్ బొమ్మ ఇప్పటికీ మా పోపులపెట్టెలో, మెంతుల గిన్నెలో ఉంది.